యలవర్తి నాయుడమ్మ

ఖమ్మం జిల్లాలో తల్లాడ నుండి కొత్తగూడెము పోవు బాటలో ఏన్కూరు అను ఊరు కలదు. అచ్చటి నుండి గోదావరి దిక్కుగా సాగినకొలది పొలములు తగ్గి అడవి చిక్కనగును. ఆ ప్రాంతపు బాలబాలికలకు చెట్ల పేర్లు ఒకరు నేర్పనక్కరలేదు. బతుకమ్మ పండుగనాడు పేర్చు తంగేడు పూలను వారే కోసి తెత్తురు. అడవిలో రాలిన కరక్కాయలను పెద్దలు ఏరి సంతలో అమ్ముట వారు చూచుచుందురు. పొలము గట్టుననున్న తుమ్మచెట్టు నీడ వారికి పరిచితమే. జిల్లేడు కొమ్మ విఱిచినచో కారు తెల్లని పాలు కంటికి తగులరాదనియు వారెఱుగుదురు.

ఈ తంగేటికి, కరక్కాయకు, తుమ్మకు, జిల్లేటికి మన కాలి చెప్పుతో చుట్టఱికము కలదని చెప్పినచో కొందఱు నవ్వవచ్చును. కాని ఆ చుట్టఱికము వెనుక ఒక గొప్ప శాస్త్రము కలదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఆ శాస్త్రమునకు మన దేశములో పెద్దదిక్కై నిలిచినవారు ఒక తెలుగు రైతు బిడ్డ. ఆయన పేరు యలవర్తి నాయుడమ్మ. పేరు చివర అమ్మ యని యున్నందున స్త్రీ యని భ్రమపడవలదు. తోలును గూర్చి ఆలోచించుటయే జీవితముగా చేసికొన్న పురుషుడాయన.

ఆయన చరిత్ర తెలిసికొనుటకు ముందు తోలు ఎట్లగునో కొంచెము తెలిసికొనవలెను. పశువు చనిపోయిన పిదప ఒలిచిన చర్మము తడిగా నున్నచో రెండు మూడు దినములలో కుళ్లును. ఎండబెట్టినచో కొయ్యవలె బిఱుసై విఱుగును. రెండు విధములను అది పనికిరాదు. చర్మములో కొల్లాజెన్ అను మాంసకృత్తు సన్నని పోగులుగా అల్లుకొని యుండును. ఆ పోగులను సూక్ష్మజీవులు తినకుండునట్లును, ఎండినను మెత్తదనము పోకుండునట్లును చేయుటనే తోలు పదును చేయుట యందురు. తంగేడు చెక్కలోను, తుమ్మ చెక్కలోను, కరక్కాయలోను టానిన్ అను వగరు పదార్థము కలదు. కరక్కాయ ముక్క నమలినప్పుడు నోరు పిడచకట్టుకొని పోవుట మీలో పెక్కుమందికి అనుభవమే. ఆ టానిన్ లాలాజలములోని మాంసకృత్తులను పట్టుకొనుట చేతనే అట్లగుచున్నది. అదే టానిన్ చర్మపు పోగులను పట్టుకొన్నచో చర్మము తోలుగా మాఱును. నోటిలో జరుగు పనియే లందలోను జరుగునన్నమాట.

లంద యనగా తోళ్లు నానవేయు గుంట లేక తొట్టి. మన పల్లెలలో మాదిగవారు తరతరములుగా ఈ విద్యను కాపాడుకొని వచ్చిరి. ముందుగా సున్నపు నీటిలో చర్మమును నానవేసి వెండ్రుకలు ఊడ్చుదురు. లోపలి వైపున అంటిన మాంసమును కత్తితో గీకుదురు. పిదప చెక్కలు నానిన కషాయమున వారముల తరబడి ఉంచుదురు. కొన్ని చోట్ల తోలును సంచివలె కుట్టి, అందు చెక్క కషాయము నింపి, దూలమునకు వ్రేలాడగట్టుదురు. కషాయము బొట్లుబొట్లుగా తోలు గుండ ఊరి క్రిందికి దిగును. ఏ చెక్క ఎంత వేయవలెనో, ఏ దినమున కషాయము మార్చవలెనో వారు పుస్తకములు చూచి నేర్చుకొన్నది కాదు. వ్రేలితో తోలును వంచి చూచి, వాసన పట్టి, రంగు గమనించి నిర్ణయించుచుండిరి. ఇది రసాయన శాస్త్రము కాక మఱేమి?

అయినను ఊరు వారికి చేసిన అన్యాయము చిన్నది కాదు. వారు పదును చేసిన తోలుతో కుట్టిన చెప్పులు తొడుగుకొని రైతు పొలమునకు పోయెను. వారు కుట్టి యిచ్చిన మోటతొండముతోనే బావినుండి నీరు తోడి పైరు పండించెను. వారు బిగించిన డప్పు మ్రోగనిదే ఊరిలో జాతర జరుగలేదు. కాని ఆ తోలును చేసిన చేతిని మాత్రము ఊరు అంటరానిదనెను. వారి వాడను ఊరికి దూరముగా నుంచెను. ఇట్టి కాలమున చదువుకొన్న కుటుంబములవారు తోలుపని యనగనే ముక్కు మూసికొనుటలో వింత లేదు. విద్య ఒక వైపునను, పని మఱియొక వైపునను ఉండిపోయెను. ఈ రెండింటి నడుమనున్న గోడను పడగొట్టుటయే నాయుడమ్మగారి జీవితకార్యమైనది.

నాయుడమ్మగారు 1922వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతమునందలి యలవఱ్ఱు గ్రామమున వ్యవసాయ కుటుంబములో జన్మించిరి. కృష్ణా కాలువల నీటితో పచ్చగా నుండు సీమ అది. గుంటూరులో ఇంటర్మీడియెట్ చదివి, పిదప కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు పోయి పారిశ్రామిక రసాయన శాస్త్రమున పట్టము పొందిరి. రసాయన శాస్త్రము చదివినవారికి ఆ దినములలో మందుల కర్మాగారములు, చక్కెర మిల్లులు, ప్రభుత్వ ప్రయోగశాలలు ఎన్నో దారులు చూపుచుండెను. ఆయన మాత్రము మద్రాసునకు వచ్చి తోళ్ల సాంకేతిక విద్యను చేపట్టిరి. ఊరివారు ఊరి వెలుపల నుంచిన విద్యకు ఒక రైతు బిడ్డ స్వయముగా ఎదురేగి పోయెనన్నమాట.

పిదప ఆయన ఉన్నత విద్యకై విదేశములకు పోయిరి. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయములో తోలు రసాయన శాస్త్రమును అభ్యసించి డాక్టరు పట్టము పొందిరి. అచ్చట చర్మపు పోగులకును, పదును చేయు పదార్థములకును గల సంబంధమును సూక్ష్మముగా పరిశీలించుట నేర్చుకొనిరి. స్వదేశమునకు మఱలి వచ్చి మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థలో పనిచేయసాగిరి. ఈ సంస్థ స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి ఏడే, అనగా 1948లో, అడయారునందు ఏర్పడినది. దేశము తన కాళ్లపై తాను నిలువవలెనని తలపోయుచున్న దినములవి.

ఆ దినములలో మన తోళ్ల వర్తకము ఎట్లుండెనో చెప్పినచో మీరాశ్చర్యపడుదురు. పశుసంపదలో మన దేశము ప్రపంచమున అగ్రశ్రేణికి చెందినది. అయినను మనము ఎక్కువగా అమ్మినది పచ్చి తోళ్లను, లేదా సగము పదును చేసిన తోళ్లను. మద్రాసు రాష్ట్రమున తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్లకు విదేశములలో మంచి పేరు కలదు. కాని ఆ తోళ్లు ఓడలలో పరదేశమునకు పోయి, అచ్చట తుది మెఱుగులు దిద్దుకొని, బూట్లుగను, సంచులుగను, చేతి తొడుగులుగను మాఱి పదింతల వెలకు అమ్ముడుపోవుచుండెను. వడ్లు పండించినవాడు వడ్లమ్మి, ఇంటికి కావలసిన అన్నమును పూటకూళ్లయింట కొన్నట్లుండెను మన పని. శ్రమ మనది, చెట్టు మనది, పశువు మనది. లాభము మాత్రము పరులది.

1958లో నాయుడమ్మగారు ఆ సంస్థకు సంచాలకులైరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియాఱు దాటలేదు. 1971 వఱకు ఆ పదవిలో నుండిరి. శాస్త్రజ్ఞుడు తెల్లని అంగరకా తొడిగికొని గాజు సీసాల నడుమ కూర్చుండుటతో తృప్తి చెందరాదని ఆయన నిశ్చయము. తోళ్ల కర్మాగారమున దుర్గంధము నడుమ నిలుచున్న పనివాని కష్టము తెలియనిదే పరిశోధన ఫలింపదని ఆయన తలచిరి. కావున సహచరులను లందలయొద్దకు పంపిరి. లందలయొద్దనున్నవారిని ప్రయోగశాలకు రావించిరి. పరిశోధకులును, పరిశ్రమవారును ఒక్కచోట కూర్చుండి తమ చిక్కులు చెప్పుకొను వార్షిక సమావేశములు ఆ సంస్థలో వాడుకయైనవి. కలకత్తా, కాన్పూరు, జలంధరు వంటి నగరములలో సంస్థ శాఖలు పనిచేసెను. అనేక విద్యార్థులు ఆ సంస్థయందే తోళ్ల శాస్త్రము చదివి పట్టభద్రులై దేశమంతటికిని పోయిరి. ఉన్నత కులములవారు, అంటరానివారనబడినవారు ఒకే తొట్టిలో చేతులు పెట్టి పనిచేయవలసిన విద్య అది. ఉపన్యాసములు చేయలేని మార్పును ఆ తొట్టి కొంతవఱకైనను చేసెను.

సంస్థయెదుట నున్న చిక్కులలో మొదటిది చెక్క కొఱత. తంగేడు చెక్కకై ఏటేటను పొదలను నఱకినచో అవి మఱల ఎదుగుటకు కాలము పట్టును. చెట్టు బెరడును చుట్టును ఒలిచినచో చెట్టే చచ్చును. మన చెక్క చాలక ఆఫ్రికా ఖండము నుండి వాటిల్ అను ఒక తుమ్మజాతి చెట్టు చెక్కను డబ్బు పోసి తెప్పించుకొనుచుంటిమి. ఇట్టి స్థితిలో మన అడవులలో ఏ చెట్టున ఎంత టానిన్ కలదో పరీక్షించుట, ఒక చెక్క చాలనిచో రెండు మూడింటిని కలిపి వాడుట, చెక్కలోని సారమును ఏమాత్రము వృథా కాకుండ దించుట, కరక్కాయవంటి కాయలను ఎక్కువగా ఉపయోగించుట మొదలైన విషయములపై పరిశోధన సాగెను. కాయ ఏరుకొన్నచో చెట్టునకు హాని లేదు. వచ్చే ఏడు మఱల కాయును. బెరడు ఒలిచినచో చెట్టు తిరిగి రాదు. ఈ చిన్న తేడాలో ఒక పెద్ద నీతి కలదు. తిరిగి పుట్టు వస్తువును, తిరిగి పుట్టు వేగమునకు మించకుండ వాడుకొనుట ఆ నీతి.

రెండవ చిక్కు వెండ్రుకలు ఊడ్చుట. పెద్ద కర్మాగారములలో సున్నముతో పాటు సోడియము సల్ఫైడు అను ఘాటైన లవణమును కలుపుదురు. పని వేగముగా జరుగును గాని, ఆ నీరు బయటికి వచ్చినప్పుడు కుళ్లిన గ్రుడ్ల వాసన వచ్చును. అందుండి వెలువడు వాయువు పనివారికి ప్రాణాపాయకరము. దీనికి ప్రత్యామ్నాయము మన బీడునేలలోనే దొరకెను. జిల్లేడు పాలకు మాంసకృత్తులను విడదీయు గుణము కలదు. అట్టి గుణము గల పదార్థములను ఎంజైములందురు. మన ఉదరమున అన్నము జీర్ణమగుటయు ఎంజైముల వలననే. వెండ్రుక కుదురును పట్టియుంచు మాంసకృత్తును ఎంజైము కరిగించినచో వెండ్రుక తనంత తానే జాఱిపోవును. మద్రాసు సంస్థలోని పరిశోధకులు 1950 దశకముననే జిల్లేటి పాల ఎంజైములతో ప్రయోగములు చేసిరి. పిదప బూజుజాతి సూక్ష్మజీవుల నుండి ఎంజైములను తీసి ఆ పని చేయు పద్ధతులను గూడ రూపొందించిరి. పల్లెలోని ముసలివారు ఎఱిగిన మూలికా గుణము ప్రయోగశాలలో అంకెల సహితముగా ఋజువైనది.

మూడవ చిక్కు అన్నిటికంటె పెద్దది. అది క్రోమియము. పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికాలో క్రోమియము లవణములతో తోలు పదును చేయు పద్ధతి పుట్టినది. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఆంగ్లేయుడు మద్రాసులో దానిని ప్రవేశపెట్టెను. చెక్క కషాయమున వారములు పట్టు పని క్రోమియముతో ఒకటి రెండు దినములలో ముగియును. ఆ తోలు మెత్తగా నుండును, వేడికి ఓర్చును, ఏ రంగునైనను చక్కగా పట్టును. బూట్ల కర్మాగారములు దీనినే కోరినవి. కాని వాడిన క్రోమియములో ఇంచుమించు మూడింట రెండు వంతులు మాత్రమే తోలు పట్టుకొనును. తక్కినది మురుగు నీటిలో కలియును. దానికి తోడు పచ్చి తోలు కుళ్లకుండ చల్లు ఉప్పు తోలు బరువులో నూటికి నలుబది వంతులు వఱకు ఉండును. ఆ ఉప్పంతయు కడిగినప్పుడు నేలలోనికే పోవును. ఒక కిలో తోలునకు ముప్పది నలుబది లీటర్ల నీరు వ్యయమగుననగా ఈ మురుగు ఎంతయో మీరే లెక్కింపవచ్చును.

ఇచ్చట ఒక ధర్మసంకటము ఏర్పడినది. తోళ్లను తుదిమెఱుగు వఱకు మనమే చేసినచో లక్షల మందికి జీవనోపాధి కలుగును; విదేశమునకు పోవు లాభము ఇచ్చటనే నిలుచును. నాయుడమ్మగారు ఈ మార్పు రావలెనని గట్టిగా వాదించినవారిలో నొకరు. 1970 దశకమున కేంద్ర ప్రభుత్వము పచ్చి తోళ్ల ఎగుమతిని ఆపి, సగము పదునైన తోళ్ల ఎగుమతికి హద్దులు విధించి, పూర్తిగా తయారైన తోళ్లను, తోలు వస్తువులను ప్రోత్సహించెను. అప్పటి నుండి మన దేశపు చెప్పులు, బూట్లు, సంచులు లోకపు అంగళ్లకు చేరసాగినవి. వడ్లమ్ముకొనువాడు అన్నము పెట్టు స్థితికి వచ్చెను. కాని కర్మాగారములు పెరిగిన వేగముతో మురుగు నీటిని శుద్ధి చేయు ఏర్పాట్లు పెరుగలేదు. మంచి పనితో పాటు దాని నీడయు పెరిగినది.

నాయుడమ్మగారి దృష్టిలో సరకు యనగా అంగడిలో కనబడు వస్తువు మాత్రమే కాదు. దానిని చేసిన చేయి, దానికి మూలమైన చెట్టు, దానిని కొనువాని అవసరము అన్నియు అందు చేరియుండును. కొల్లాపురి చెప్పులను చూడుడు. తుమ్మ చెక్క, కరక్కాయలతో పదునైన తోలును పల్లె పనివారు చేతితో కుట్టుదురు. అందు క్రోమియము లేదు. పాతబడి పాఱవేసినను నేల దానిని మెల్లగా తనలో కలుపుకొనును. అట్టి చెప్పులు విదేశముల యువకుల పాదములను గూడ అలంకరించినవి. పల్లె చేతిపనికి శాస్త్రము తోడై, కొనువాని అభిరుచికి తగిన రూపము కూడినచో పేదవాని సరకు లోకమున ఎచ్చటనైనను తలయెత్తుకొని నిలువగలదు. ఇదియే ఆయన పల్లె పరిశ్రమలకు చూపదలచిన దారి.

1971లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమొసగెను. ఆ యేడే ఆయన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతిగా ఢిల్లీకి పోయిరి. దేశములోని పెద్ద పెద్ద జాతీయ ప్రయోగశాలలన్నియు ఆ మండలి క్రిందివే. 1977 వఱకు ఆ పదవిని నిర్వహించిరి. ఉన్నత పదవి దొరకిన పిదప పల్లెను మఱచువారు పెక్కుమంది. ఆయన మాత్రము ఆ ప్రయోగశాలల విద్యనంతయు ఒక్క జిల్లాలో ప్రయోగించి చూడదలచిరి. అందులకు ఎన్నుకొన్నది మన తెలంగాణలోని కరీంనగరము జిల్లా. నీటి శాస్త్రజ్ఞులు, ఖనిజ శాస్త్రజ్ఞులు, రసాయన శాస్త్రజ్ఞులు ఆ జిల్లాకు పోయి, అచ్చటి నేలలో ఏమున్నది, అచ్చటి ప్రజలకు ఏమి కావలెను, ఈ రెండింటిని కలుపుటెట్లు అని యోచించిరి. శాస్త్రము ముందు అడుగవలసిన ప్రశ్న ప్రజల అవసరమేమి యనునది. తన వద్దనున్న యంత్రమును ఎచ్చట అమ్మవలెననునది కాదు. ఈ దృష్టియే కరీంనగరము ప్రయత్నమునకు ప్రాణము.

1981లో ఆయన ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, 1982 వఱకు పనిచేసిరి. ఐక్యరాజ్యసమితికి చెందిన సంస్థలు వర్ధమాన దేశముల పరిశ్రమల విషయమున ఆయన సలహాలు కోరుచుండెను. ఆసియా, ఆఫ్రికా ఖండముల పేద దేశములకు తోళ్ల పరిశ్రమ ఒక మంచి ఆధారమని ఆయన యెఱుగుదురు. ఏలయన ఆ దేశములన్నిటను పశువులు కలవు, పనిచేయు చేతులు కలవు.

1985వ సంవత్సరము జూన్ నెలలో ఆయన కెనడా దేశము నుండి స్వదేశమునకు బయలుదేరిరి. ఆయన ప్రయాణించుచున్న కనిష్క యను ఎయిరిండియా విమానము జూన్ 23వ తేదీన ఐర్లండు తీరమునకు చేరువలో అట్లాంటిక్ సముద్రముపై బాంబు ప్రేలుడునకు గుఱియై కూలిపోయెను. అందున్న 329 మందియు ప్రాణములు కోల్పోయిరి. ఏ పాపము నెఱుగని వారిని బలిగొన్న ఆ ఘాతుకమున మన దేశము ఒక గొప్ప శాస్త్రజ్ఞుని గూడ పోగొట్టుకొన్నది. అప్పటికాయన అరువదిమూడవ యేట నుండిరి.

ఆయన పోయిన పిదప జరిగినదానిని గూడ చెప్పినగాని ఈ కథ పూర్తి కాదు. తమిళనాడులోని వేలూరు ప్రాంతమున పాలారు నదీతీరమున వందలకొలది తోళ్ల కర్మాగారములు వెలసినవి. వాని మురుగు నీటి వలన బావులు చెడినవి. పంట భూములు చవుడు పాఱినవి. ఆ ప్రాంతపు పౌరులు న్యాయస్థానమున మొఱ పెట్టుకొనగా, 1996లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, కాలుష్యము చేసినవారే నష్టమును భరింపవలెనని శాసించెను. అంతకు ముందే, 1994లో, జర్మనీ దేశము ఆరోగ్యమునకు హానిచేయు కొన్ని రంగులు వాడిన వస్తువులను తన అంగళ్లలో అమ్మరాదని చట్టము చేసెను. నీటిని పాడుచేయు సరకు ఇంట నిలువదు, దేహమును పాడుచేయు సరకు బయట అమ్ముడుపోదు అని మన పరిశ్రమకు తెలిసివచ్చెను.

1998లో అమెరికా శాస్త్రజ్ఞులు పాల్ అనాస్టస్, జాన్ వార్నర్ హరిత రసాయన శాస్త్రమునకు పండ్రెండు సూత్రములు కూర్చిరి. మురికిని పుట్టించి పిదప శుద్ధి చేయుటకంటె, మురికి పుట్టకుండునట్లు పనిని మొదటనే కల్పించుకొనుట మేలని వానిలో మొదటి సూత్రము. తిరిగి పుట్టు ముడి పదార్థములను వాడుట, ఘాటైన రసాయనములకు బదులు ఎంజైములవంటి చోదకములను వాడుట, వాడిన పిదప ప్రకృతిలో హాని లేకుండ విడిపోవు వస్తువులను చేయుట మొదలైనవి తక్కిన వానిలో కొన్ని. ఈ సూత్రములు చదివినప్పుడు మనకు జిల్లేటి పాలును, కరక్కాయ కషాయమును జ్ఞప్తికి వచ్చును. మద్రాసు సంస్థలో ఆ దారి ఎప్పుడో మొదలైనది. ఈ శతాబ్దమున అదే సంస్థ నీటితో పనిలేకుండ క్రోమియమును తోలునకు పట్టించు పద్ధతిని రూపొందించి, మురుగులోనికి పోవు లోహమును మిక్కిలి తగ్గించెను. గురువు మొదలిడిన పనిని శిష్యులు కొనసాగించుట యనగా ఇదియే.

అయినను చెట్టునుండి వచ్చినదంతయు మంచిదని తలంపరాదు. చెక్క కషాయము సయితము ఏటిలో కలిసినచో నీరు నల్లబాఱి చేపలకు ప్రాణవాయువు అందదు. అడవిని ఒలిచి చేసిన తోలునకు పచ్చని చీటి అంటించి అమ్మినచో అది కొనువానిని మోసగించుటయే యగును. ఒక వస్తువు ప్రకృతికి మేలైనదో కాదో తెలిసికొనవలెనన్నచో నాలుగు ప్రశ్నలు వేయవలెను. ఇది దేనినుండి వచ్చినది? దీనిని చేసిన చేతికి తగిన కూలియు, గౌరవమును దక్కెనా? దీనిని చేయుచో ఏ నీటిలో ఏమి కలిసెను? పాతబడిన పిదప ఇది ఎచ్చటికి పోవును? ఈ నాలుగింటికి సమాధానము చెప్పగల వస్తువే మంచి వస్తువు.

2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప తంగేడు పువ్వు రాష్ట్ర పుష్పమైనది. ఏన్కూరు బాటలో మీరు తంగేటి పొదను చూచినప్పుడు దాని పువ్వునే కాక దాని చెక్కను గూడ తలచుకొనుడు. ఆ చెక్క విలువను ముందుగా కనుగొన్నది ఊరి వెలుపల నిలిపిన వాడలోని అజ్ఞాత పనివాడు. దానికి శాస్త్రలోకమున ఆసనము వేసినవారిలో ముఖ్యుడు యలవఱ్ఱు రైతు బిడ్డ. ఒకని చేతిని, ఒకని చదువును కలుపగలిగిననాడే దేశము బాగుపడునని నాయుడమ్మగారి జీవితము మనకు బోధించుచున్నది. ఆయన విడిచిపోయిన పని ఇంకను మిగిలియున్నది. పాలారు నీరు తిరిగి తియ్యనగు వఱకు, తోలు కుట్టు చేతిని ఊరు నిండు మనస్సుతో పట్టుకొను వఱకు అది ముగిసినట్లు కాదు. దానిని చేపట్టవలసినవారు ఈనాటి విద్యార్థులే.